వాలు పొలానికి యంత్రం కొంటున్నారా? హెచ్‌పీ పక్కన పెట్టి మోసే పని లెక్కపెట్టండి

"మాది మూడెకరాలు, సగానికి పైగా వాలే, ఎన్ని హెచ్‌పీ తీసుకోమంటారు?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాసేద్దామని కూర్చున్నాను, కాబట్టి కొంచెం పొడుగవుతుంది. ముందే చెప్పేస్తున్నాను, హెచ్‌పీ (ఇంజన్ బలం) దగ్గర మొదలుపెడితే తప్పు యంత్రం ఇంటికొస్తుంది. నాకు అదే జరిగింది. ఆ తప్పు కొద్దిలో ప్రాణం మీదికి వచ్చింది కూడా, అందుకే ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

నా పొలం మూడు ముక్కలు అనుకోండి. కింద కొంచెం చదును, మధ్యలో మెట్లు మెట్లుగా సన్నటి మడులు, పైన పండ్లచెట్లు ఉన్న నిటారు వాలు. మొదట్లో నా ఆలోచన చాలా సాదాగా ఉండేది. పొలం అంటే దున్నాలి, దున్నాలంటే బలం కావాలి, బలం అంటే పెద్ద ఇంజన్. అలా డీజిల్ పవర్ టిల్లర్ ఒకటి, అంటే హ్యాండిల్ పట్టుకుని నడిపే రెండు చక్రాల దున్నే యంత్రం, వెనక తగిలించుకునే ట్రాలీతో సహా తెచ్చుకున్నాను. చదును మీద అది బంగారం. రోటవేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే పనిముట్టు) వేసి కింది మడి మధ్యాహ్నం లోపు పూర్తిచేసేది. సమస్య అంతా అది కొండెక్కి దిగేటప్పుడు మొదలైంది.

ఆ రోజు పైనుంచి ట్రాలీలో తొమ్మిది బస్తాల ఎరువు వేసుకుని దిగుతున్నాను. పొద్దున్నే, దారి మీద గడ్డి ఇంకా తడిగానే ఉంది. దారి ఒకచోట కుడికి తిరుగుతుంది, ఎడమ పక్కన నిలువెత్తు పల్లం. కుడికి తిప్పాలి కాబట్టి అలవాటుగా కుడి హ్యాండిల్ కింద ఉన్న క్లచ్ పిడి నొక్కాను. బండి ఎడమకి తిరిగింది. సరిగ్గా నొక్కలేదేమో అనుకుని ఇంకా గట్టిగా నొక్కాను. ఇంకా ఎడమకి పోయింది. ఎడమ చక్రం అంచున ఉన్న మట్టి పెళ్లలు విరిగి కిందికి దొర్లడం కళ్లతో చూశాను. పిడి వదిలేసి, మెయిన్ క్లచ్ లాగి బ్రేక్ వేస్తే, ట్రాలీ నెట్టుడికి ఇంకో అడుగు జారి, ఒక రాయికి తగులుకుని ఆగింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి, ఇంజన్ ఆపడం కూడా కాసేపటిదాకా గుర్తుకు రాలేదు.

పక్క పొలం బాబాయ్ పరుగున వచ్చాడు. చక్రాల కింద రాళ్లు పెట్టి, నన్ను కూర్చోబెట్టి, అప్పుడు అడిగాడు. "దిగుడులో చెయ్యి మారాలని నీకెవరూ చెప్పలేదా అబ్బాయ్?"

ఎవరూ చెప్పలేదు. అమ్మినవాళ్లు చెప్పలేదు, చదును మీద నడిపి చూపించారంతే. సంగతేమిటంటే, ఈ రకం పవర్ టిల్లర్లలో ఒక్కో చక్రానికి ఒక్కో క్లచ్ ఉంటుంది. చదును మీద ఇంజన్ చక్రాలను లాగుతుంది. కుడి క్లచ్ నొక్కితే కుడి చక్రానికి శక్తి ఆగిపోతుంది, ఎడమ చక్రం ముందుకు పోతుంది, బండి కుడికి తిరుగుతుంది. దిగుడులో ఇదంతా తలకిందులవుతుంది. అక్కడ బరువే చక్రాలను తోస్తుంటే ఇంజన్ వాటిని పట్టి ఆపుతూ ఉంటుంది. కుడి క్లచ్ నొక్కారంటే ఆ చక్రాన్ని ఇంజన్ పట్టులోంచి వదిలేసినట్టే, అది వేగంగా దొర్లుతుంది, బండి ఎడమకి పోతుంది. వెనక ట్రాలీ నిండా బరువుంటే ఇంకా దారుణం. అందుకే తెలిసినవాళ్లు దిగుడులో ఆ పిడులు ముట్టుకోరు, తక్కువ గేరులో మెల్లగా, హ్యాండిల్‌ని ఒంటితో తోసి తిప్పుకుంటారు. లేదా ఎదురు పిడి నొక్కుతారు. కంగారులో ఎదురు పిడి గుర్తుంటుందా అంటే, నాకైతే ఉండదని ఆ రోజే అర్థమైంది.

ఆ సాయంత్రం నుంచి నేను ప్రశ్న మార్చుకున్నాను. "ఎంత బలమైన యంత్రం" కాదు, "నా వాలు మీద, నా పని చేస్తూ, నేను అలిసిపోయి పొరపాటు చేసినా నన్ను చంపని యంత్రం ఏది" అని.

దానికి ముందు వాలు ఎంతో తెలియాలి. కంటికి కనిపించేది నమ్మొద్దు. అదే వాలు కిందనుంచి చూస్తే ఒకలా, పైనుంచి చూస్తే ఇంకోలా కనిపిస్తుంది. రెండు మీటర్ల తిన్నటి చెక్క, దాని మీద మేస్త్రీలు వాడే రసమట్టం, ఒక టేపు చాలు. చెక్క ఒక కొన ఎగువన నేలకి ఆనించి, రసమట్టం బుడగ మధ్యకి వచ్చేదాకా రెండో కొన ఎత్తి, ఆ కొన కింద నేలకి ఎంత ఖాళీ ఉందో కొలవండి. రెండు మీటర్లకి 50 సెంటీమీటర్లు వచ్చిందంటే 25 శాతం వాలు, అంటే సుమారు 14 డిగ్రీలు. ఇక్కడ చాలామంది తికమక పడతారు, శాతం వేరు డిగ్రీ వేరు. 100 శాతం వాలు అంటే నిలువు గోడ కాదు, 45 డిగ్రీలు. 15 డిగ్రీలంటే దాదాపు 27 శాతం, 20 డిగ్రీలంటే 36 శాతం. యంత్రం పుస్తకంలో ఒకచోట డిగ్రీలు, ఇంకోచోట శాతం రాసి ఉండొచ్చు, రెండూ ఒకటే అనుకుని పోతే చాలా తేడా వస్తుంది. ఒక్కచోట కాకుండా కనీసం పది పదిహేను చోట్ల కొలవండి. మలుపుల్లో, మడి చివర యంత్రం తిరిగే చోట తప్పకుండా కొలవండి, ఎందుకంటే ప్రమాదం వరుస మధ్యలో కంటే తిరిగేచోటే ఎక్కువ.

నా పొలంలో కింద 8 శాతం, మధ్య మడుల మధ్య దారి 20 నుంచి 25, పైన చెట్ల దగ్గర 35 దాటింది. ఆ కాగితం చూడగానే సగం నిర్ణయం దానంతట అదే అయిపోయింది. నేను పెట్టుకున్న గీత ఇది: 15 శాతం దాకా కూర్చుని నడిపే చిన్న ట్రాక్టర్ అయినా ఆలోచిస్తాను, 15 నుంచి 30 మధ్య నడుస్తూ నడిపేవి మాత్రమే, 30 దాటితే చక్రాల యంత్రం ఏదీ అడ్డంగా నడపను. ఇది నా నేలకి, నా భయానికి సరిపోయిన గీత. మీ యంత్రం పుస్తకం ఇంతకంటే తక్కువ చెబితే పుస్తకం మాటే వినండి.

యంత్రం పక్కకి ఎప్పుడు పడిపోతుందో లెక్క కష్టమేం కాదు. ఎడమ కుడి చక్రాల మధ్య దూరంలో సగం తీసుకోండి, దాన్ని యంత్రం గురుత్వ కేంద్రం (బరువంతా ఒకేచోట ఉన్నట్టు లెక్కకి వచ్చే బిందువు) నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో ఆ ఎత్తుతో పోల్చండి. చక్రాల మధ్య మీటరు దూరం, గురుత్వ కేంద్రం 60 సెంటీమీటర్ల ఎత్తు అనుకుంటే, కాగితం మీద అది 40 డిగ్రీల దగ్గర పడిపోతుంది. అబ్బో చాలా ఉంది కదా అనిపిస్తుంది. కానీ అది కదలకుండా నునుపైన పలక మీద నిలబడినప్పటి మాట. పొలంలో కింది చక్రం 15 సెంటీమీటర్ల గుంటలో దిగి, అదే క్షణంలో పై చక్రం 10 సెంటీమీటర్ల రాయి ఎక్కిందనుకోండి, అక్కడికక్కడే 14 డిగ్రీలు అదనంగా కలిశాయి. దానికి తోడు వేగం, మలుపు, డబ్బాలో ఊగే నీళ్లు, పైకెత్తిన లోడర్ బకెట్. అన్నీ కలిస్తే 40 డిగ్రీలు అనుకున్నది 20 దగ్గరే అయిపోవచ్చు. అందుకే చూడగానే పొట్టిగా, వెడల్పుగా ఉన్న యంత్రం వాలుకి మంచిది. చక్రాలు బయటికి జరుపుకునే వీలుందా అని తప్పకుండా అడగండి. కొన్నింటికి చక్రాలు తిప్పి బిగిస్తే వెడల్పు పెరుగుతుంది, కొన్నింటికి మధ్యలో దిమ్మలు పెట్టుకోవచ్చు. వాలులో ఇది రెండు హెచ్‌పీ ఎక్కువ ఉండటం కన్నా ఎక్కువ పనికొస్తుంది.

వెనక్కి పడటం ఇంకా వేగం. కూర్చుని నడిపే ట్రాక్టర్ ముందు చక్రాలు లేచాక, ఇక ఏం చేసినా ఆగని స్థితికి రావడానికి ముప్పావు సెకను చాలంటారు, పూర్తిగా తిరగబడడానికి ఒకటిన్నర సెకను. దూకేయొచ్చులే అని ధైర్యం చెప్పుకునేవాళ్లు ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోవాలి. స్వీడన్‌లో 1959 నుంచి కొత్త ట్రాక్టర్లకు బోల్తా పడినా నడిపేవాడిని కాపాడే చట్రం తప్పనిసరి చేశారు, ఆ తర్వాతి దశాబ్దాల్లో అక్కడ ట్రాక్టర్ తిరగబడి చనిపోయేవాళ్లు దాదాపు లేకుండా పోయారు. ఇన్నేళ్ల తర్వాత కూడా చట్రం లేని పాత చిన్న ట్రాక్టర్ చవగ్గా వస్తోందని వాలు పొలానికి తెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. చట్రం ఉంటే సీటు బెల్టు పెట్టుకోవాలి, రెండూ కలిసే పనిచేస్తాయి. చట్రం మడిచిపెట్టి పనిచేసేటప్పుడు మాత్రం బెల్టు పెట్టుకోకూడదు, ఎందుకంటే అప్పుడు బెల్టు మిమ్మల్ని యంత్రం కిందే కట్టిపడేస్తుంది.

చిన్న ట్రాక్టరే కావాలనుకుంటే ఇంకొక్క మాట. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లేది మాత్రమే చూడండి. ఎక్కడానికి అనుకుంటారు, అసలు ఉపయోగం దిగడానికి. మామూలు ట్రాక్టర్లో బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. దిగేటప్పుడు బరువంతా ముందుకి పోతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి, బ్రేక్ వేస్తే అవి తిరగడం ఆగి జారతాయి, బండి మాత్రం ఆగదు. ఫోర్ వీల్ వేసి ఉంటే ముందు చక్రాలు కూడా ఇంజన్‌కి, వెనక బ్రేకులకి కట్టుబడి ఉంటాయి, నాలుగూ పట్టు ఇస్తాయి. దిగడం మొదలుపెట్టక ముందే గేరు తగ్గించుకోవాలి. మధ్యలో క్లచ్ తొక్కి గేరు మార్చబోతే ఆ రెండు సెకన్లు బండి ఎవరి చేతిలోనూ ఉండదు. ఏదైనా లాగాల్సి వస్తే గొలుసు ఎప్పుడూ కింద డ్రాబార్‌కే (లాగడానికని వెనక ఉండే కమ్మీ) తగిలించండి. వెనక ఇరుసు కంటే పైన ఎక్కడ తగిలించినా ముందు చక్రాలు లేచే ప్రమాదం ఉంది.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్న చోటికి వచ్చాను.

ఆ సంఘటన తర్వాత ఒక ఏడాది పాటు చిన్న నోటు పుస్తకం జేబులో పెట్టుకుని, ఏ రోజు ఏ పని ఎన్ని గంటలు చేశామో నేనూ మా ఆవిడా రాసుకుంటూ వచ్చాం. ఏడాది చివర కూడితే దున్నడానికి పట్టింది మొత్తం ఆరు రోజులు. గడ్డి కోయడం, గట్లు శుభ్రం చేయడం ముప్పై రోజుల పైనే. మోయడం, అంటే ఎరువు, మొక్కలు, నీళ్ల పైపులు, రాళ్లు, కోసిన పంట, కట్టెలు, ఇదిగో ఇది దాదాపు ప్రతి రోజూ ఉంది. నేనేమో ఆరు రోజుల పనికి యంత్రం కొని, మిగతా రోజులన్నీ ఆ యంత్రం చేత దానికి చేతకాని పని చేయిస్తున్నాను.

మోత లెక్క ఇలా వేయండి. ఎకరానికి ఐదు టన్నుల ఎరువు వేస్తున్నారనుకుందాం. ఒంటి చక్రం తోపుడు బండిలో వాలు మీద ఒక మనిషి భద్రంగా తోసేది 60 కిలోలు. అంటే ఎకరానికి 83 సార్లు ఎక్కి దిగాలి. 300 కిలోలు మోసే పట్టాల బండి అయితే 17 సార్లు. ఐదు రోజుల నడుం నొప్పి ఒక పూటలో తేలిపోతుంది. ఈ లెక్క ఎరువుది మాత్రమే, పంట కిందికి దింపడం ఇంకా రాలేదు.

పట్టాల బండి అంటున్నది రబ్బరు పట్టాల మీద నడిచే చిన్న డంపర్‌ని. వెనక నడుస్తూ నడుపుతాం, పిడి వదిలేస్తే ఆగిపోతుంది. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం 300 నుంచి 500 కిలోలు మోస్తాయి. పట్టా నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది కాబట్టి బరువు పంచుకుంటుంది, తడి నేలలో చక్రమంత లోతుగా దిగదు. లోటుపాట్లూ ఉన్నాయి. ఉన్నచోటే గిర్రున తిప్పితే పట్టా నేలని చీల్చేస్తుంది, అందుకే వెడల్పుగా, రెండు మూడు విడతల్లో తిప్పాలి. వాలుకి అడ్డంగా రాళ్ల మీద నడిపితే పట్టా ఊడి వచ్చే ప్రమాదం ఉంది. సాయంత్రం పట్టాలో ఇరుక్కున్న రాళ్లు, బంకమన్ను తీయకపోతే రోలర్లు తొందరగా అరిగిపోతాయి. నాకు రోజూ పది నిమిషాలు దీనికే పోతుంది, ఒక పుల్ల, ఒక బక్కెట్ నీళ్లు. లోడు వేసేటప్పుడు బరువు తొట్టి అంచు దాటకుండా, వీలైనంత కిందికి ఉండేలా సర్దుకోండి. బరువు ఒకటే అయితే ఎత్తుగా పేర్చిన లోడు కన్నా అడుగున పరిచిన లోడే భద్రం. తొట్టి ఎత్తి కుమ్మరించేటప్పుడు మాత్రం తప్పకుండా చదును చూసుకోవాలి.

రెండోది గడ్డి. ఇక్కడ నా ఓటు వాకింగ్ ట్రాక్టర్‌కి. పవర్ టిల్లర్‌కి దగ్గరి చుట్టమే కానీ తేలిక, ముందుకి వెనక్కి పనిముట్లు మార్చుకునే వీలున్నది. ఈ రకంలో ఒక సౌకర్యం చూసే నేను పడిపోయాను. హ్యాండిల్ మొత్తం వెనక్కి తిప్పి బిగించుకోవచ్చు, అప్పుడు పనిముట్టు మన ముందుకి వస్తుంది. కత్తెర బ్లేడు గడ్డి కోత యంత్రం ముందు తగిలించి, మనం వెనక ఎగువ పక్కన నడుస్తూ పోవచ్చు. ఎగువ పక్కన అని నొక్కి చెబుతున్నాను, యంత్రం జారినా మనకి దూరంగా జారాలి, మన మీదికి కాదు. కొనేటప్పుడు చక్రాలను విడివిడిగా తిప్పే పద్ధతి ఏమిటో అడగండి. చక్రానికో క్లచ్ అయితే నేను పైన చెప్పిన దిగుడు కథ దీనికీ వర్తిస్తుంది. చక్రానికో బ్రేకు ఉంటే ఎక్కుడైనా దిగుడైనా ఏ పక్క నొక్కితే ఆ పక్కకే తిరుగుతుంది, వాలుకి ఇదే సరైనది. రెండు చక్రాలూ కలిసి తిరిగేలా లాక్ ఉంటే మరీ మంచిది, అడ్డంగా పోయేటప్పుడు ముక్కు కిందికి వాలకుండా కొంత కాస్తుంది.

ఇంజన్ విషయం చాలామంది మర్చిపోతారు. చిన్న పెట్రోల్ ఇంజన్లలో ఎక్కువ వాటికి ఆయిల్ పంపు ఉండదు, అడుగున ఉన్న ఆయిల్‌ని ఒక చిన్న తెడ్డు చిమ్ముతూ లోపలి భాగాలను తడుపుతుంది. ఇంజన్ బాగా ఒరిగితే ఆయిల్ ఒక పక్కకి పోతుంది, తెడ్డుకి అందదు. అలాంటి వాటిలో చాలావాటికి 20 డిగ్రీలే హద్దు. కాసేపు దాటితే వెంటనే ఏమీ కాదు, కానీ గంటల తరబడి ఒరిగి నడిస్తే లోపల అరిగిపోతుంది, ఆ సంగతి ఒక రోజు ఇంజన్ బిగుసుకుపోయేదాకా మనకి తెలియదు. ఆయిల్ ఎప్పుడూ పై గీత దాకా ఉంచండి. అదే భుజానికి తగిలించుకునే టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్‌కి ఈ బెంగ లేదు, ఆయిల్ పెట్రోల్‌లోనే కలిసి వెళుతుంది, ఎలా వంచినా నడుస్తుంది. అందుకే నా పై ముక్క, 35 శాతం దాటిన వాలు, మొత్తం బ్రష్ కట్టర్‌దే. ఎంత మంచి యంత్రం వచ్చినా దాన్ని అక్కడికి ఎక్కించను. కంటి అద్దాలు, చెవులకి మఫ్, కాళ్లకి గట్టి బూట్లు, చుట్టూ 15 మీటర్లలో ఎవరూ లేకుండా చూసుకోవడం, ఇవి పాటించకపోతే ఎగిరిన రాయి ఎక్కడ తగులుతుందో చెప్పలేం.

దున్నడం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు అడిగేది అదే. వాలు నేలని రోటవేటర్‌తో పిండిలా చేస్తే చూడటానికి అందంగా ఉంటుంది. ఒక్క గట్టి వాన పడితే ఆ పిండి అంతా కింది గట్టు దగ్గరుంటుంది. వాన లేకపోయినా దున్నిన ప్రతిసారీ మట్టి కొంచెం కొంచెం కిందికి జరుగుతూనే ఉంటుంది, అందుకే వాలు పొలాల్లో పై అంచున నేల పాలిపోయి, కింది అంచున నల్లగా మందంగా కనిపిస్తుంది. నా మధ్య మడుల్లో పై అంచు మొక్కలు ఎప్పుడూ మోకాలి దాకా కూడా రాకపోవడానికి కారణం ఇదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు నేలని తిరగేయను. నేలలో పదును (తగినంత తడి) ఉన్నప్పుడు చిన్న పవర్ వీడర్‌తో (కలుపు తీసే యంత్రం) వాలుకి అడ్డంగా పైపైన రెండు మూడు అంగుళాలు కదిలిస్తాను, చెట్ల మధ్య గడ్డిని వేళ్లతో పీకకుండా కోసి అక్కడే పరుస్తాను. కింది చదును ముక్క ఏడాదికోసారి దున్నడానికి అద్దెకి మనిషిని, యంత్రాన్ని పిలిపించుకుంటాను. ఆరు రోజుల పనికి యంత్రం కొని షెడ్డులో తుప్పు పట్టించడం కంటే అదే మేలు.

ఏది కొన్నా, మీ పొలంలో నడిపి చూశాకే కొనండి. షాపు ముందు సిమెంటు నేల మీద అన్నీ గుర్రాలే. మీ పొలంలో అన్నిటికన్నా నిటారుగా ఉన్న దారికి తీసుకెళ్లండి, మామూలుగా వేసే లోడు వేయండి. సగం ఎక్కాక ఆపండి. నిలబడుతుందా, జారుతుందా? అక్కడినుంచి మళ్లీ కదిలించండి, ముందుకి ఎగురుతుందా, మెల్లగా కదులుతుందా? వెనక్కి నడిపి దిగండి. మడి చివర ఎంత చోటులో తిరుగుతుందో చూడండి. తర్వాత ఇంజన్ ఆపి, ఇంట్లో ఇంకెవరు నడుపుతారో వాళ్ల చేతికివ్వండి. మేం చూసిన మొదటి వాకింగ్ ట్రాక్టర్‌ని నేను ఇష్టపడ్డాను, మా ఆవిడ రెండు సార్లు తాడు లాగి, హ్యాండిల్ పట్టుకుని పది అడుగులు నడిచి, "ఇది నువ్వు లేని రోజు షెడ్డులోనే ఉంటుంది" అంది. తేలికది, బటన్ స్టార్ట్ ఉన్నది తీసుకున్నాం. ఇప్పుడు నాకంటే తనే ఎక్కువ నడుపుతుంది.

ఇంకో పరీక్ష ఉంది, దీన్ని ఎవరూ చేయరు. యంత్రం గుంటలో దిగబడిపోతే ఇద్దరు మనుషులు ఒక తాడు, ఒక గునపంతో బయటికి తీయగలరా? నా పాత పవర్ టిల్లర్ రోటవేటర్‌తో కలిపి నాలుగు వందల కిలోల పైమాటే. అది ఇరుక్కున్న ప్రతిసారీ సగం రోజు, నలుగురు మనుషులు. వాలులో బరువైన యంత్రానికి పట్టు ఎక్కువ, నిజమే, కానీ ఒకసారి పట్టు తప్పితే దాన్ని ఆపేవాళ్లూ ఉండరు.

చేతుల తిమ్మిరి చిన్న విషయం అనుకోకండి. వాకింగ్ ట్రాక్టర్ అయినా బ్రష్ కట్టర్ అయినా గంట నడిపి ఆపాక వేళ్లు జివ్వుమంటూ ఉంటే యంత్రం అదురు చేతులకి ఎక్కువగా తగులుతోందని అర్థం, హ్యాండిల్ రబ్బర్లు సరిగ్గా లేకపోయి ఉండొచ్చు. ఏళ్ల తరబడి అలాగే వాడితే వేళ్లలో నరాలు, రక్తనాళాలు దెబ్బతింటాయి, తెల్లబడి పట్టు పోతుంది. నేను నలభై నిమిషాలకొకసారి ఆపి పని మారుస్తాను.

బ్యాటరీవి ఎలా ఉంటాయని కూడా అడుగుతున్నారు. వాలుకి వాటిలో నాకు నచ్చేవి రెండున్నాయి. మోటారు తిరగడం మొదలుపెట్టిన క్షణం నుంచే పూర్తి లాగుడు ఇస్తుంది, ఎక్కుడు మధ్యలో ఆపి కదిలించడం చాలా నెమ్మదిగా, భద్రంగా అవుతుంది. ఒరిగితే ఆయిల్ అందదేమో అన్న టెన్షన్ లేదు. నచ్చనిది, రోజంతా ఎక్కుతూనే ఉంటే ఛార్జింగ్ మనం అనుకున్నదానికంటే ముందే అయిపోతుంది, రెండో బ్యాటరీ లేకుండా నమ్ముకోలేం. బ్రష్ కట్టర్ మాత్రం ఒకటి బ్యాటరీది తెచ్చాను, ఇంటి దగ్గర గట్లకి హాయిగా ఉంది. మోసే బండికి ఇంకా ధైర్యం చాలలేదు.

చివరగా దారి గురించి, ఎందుకంటే నేను అన్నిటికంటే ముందు చేయాల్సింది, అన్నిటికంటే ఆఖర్న చేసింది ఇదే. యంత్రానికి పెట్టే డబ్బులో కొంత తీసి దారికి పెట్టండి. నిటారుగా పైకి పోయే దారి బదులు వాలుకి ఏటవాలుగా, 10, 12 శాతానికి మించకుండా మలుపులతో వేసుకుంటే, చిన్న యంత్రం కూడా పెద్ద యంత్రం పని చేస్తుంది. మలుపుల దగ్గర యంత్రం, దాని లోడు తిరిగేంత చదును వదలాలి, వాన నీళ్లు దారి వెంట పారకుండా మధ్య మధ్యలో అడ్డంగా కాలవలు తీయాలి, లేకపోతే ఒక్క వానాకాలంలో దారే వాగవుతుంది. మొన్న రెండు రోజులు చిన్న తవ్వకం యంత్రాన్ని అద్దెకి తెచ్చి, ఆ రోజు నేను అంచు దాకా వెళ్లిన కుడి మలుపుని లోపలికి రెండు మీటర్లు తవ్వించాను. అంచున రాళ్లు వరసగా పాతుతున్నాం, ఇంకా సగం మిగిలాయి. వానలు రాకముందే అయిపోవాలి, రాళ్లన్నీ పట్టాల బండే మోస్తోంది.